టక్కుమన్న చప్పుడు

డాక్టర్ ఎక్స్‌రేని వెలుతురుకి పట్టుకున్నాడు. "ఎముక గుల్లబారిందమ్మా. ఆపరేషన్‌లో వెన్నుకి బిగించిన స్క్రూలు కదిలిపోయాయి. మళ్ళీ చేయాలి."

వసుంధర సినిమాల్లో హెయిర్‌డ్రెస్సర్. మొన్న ఫిల్మ్‌నగర్‌లో షూటింగుకి ఆలస్యమవుతోందని ఆపరేషనై మంచంలో ఉన్న అత్తగారిని పట్టుకుని గబుక్కున పైకి లేపింది. అప్పుడే ఆవిడ నడుములో టక్కుమంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"ఏదైనా చప్పుడు వినబడిందా?" అడిగాడు డాక్టర్.

వసుంధర మంచం మీది దుప్పటి అంచు సర్దింది.

"వినబడింది," అంది మంచం మీదున్న అత్తగారు సీతామహాలక్ష్మి.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే తను లేపినందుకే ఇలా అయిందని మా కోడలు భయపడి, మళ్ళీ నన్ను ముట్టుకోదేమోనని."

"లేపినందుకు కాదమ్మా, ఎముకకే పట్టు లేదు," అని డాక్టర్ వెళ్ళిపోయాడు.

"పక్కకి తిప్పవే," అంది అత్తగారు.

వసుంధర వణికే చేతులు ఆవిడ వీపు కిందికి పోనిచ్చింది. ఆ వీపూ వణుకుతోంది.