చెయ్యి చూపించు

వజ్రపుకొత్తూరు దాటి కాస్త దూరం వచ్చాక జాకబ్ జీపు బానెట్టులోంచి ఆవిరి లేచింది.

జాకబ్ బండి పక్కకి తీసి దిగాడు.

వెనక సీట్లో అతని భార్య రెబెక్కా కమ్మీ పట్టుకుని ఒక్కో ఊపిరీ లాక్కుంటోంది. మొన్న ఇదే జీపు మొరాయించడంతో ఒక వంతు డయాలసిస్ తప్పింది. మొహం, కాళ్లు ఉబ్బిపోయాయి. ఈ పూటైనా పలాస చేరి మిషను ఎక్కకపోతే మనిషి దక్కదని డాక్టరు ఫోన్లో చెప్పాడు.

జాకబ్‌కి బండి సంగతులు బొత్తిగా తెలియకపోలేదు. ఫ్యాను చూశాడు, తిరుగుతూనే ఉంది. ఇంజను ఆపి, ఆవిరి తగ్గాక చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటరు మూత తీశాడు. నీళ్లు బాగా దిగిపోయాయి. పైపులు తడిమి చూశాడు, ఎక్కడా కారడం లేదు. డబ్బాలో నీళ్లు పోశాడు. ముసలి జీపు, ముందు మెరక రోడ్డు. ఇక మిగిలింది బరువేనని తేల్చేశాడు.

ఉద్దానం పేషెంట్లని డయాలసిస్‌కి తిప్పే ఆ జీపుకి ఒక కట్టుబాటు ఉంది. ఇంజను వేడెక్కితే జబ్బు లేనివాళ్లు దిగి నడవాలి. ఆ రోజు తోడు మనుషులెవరూ రాలేదు. ఒంట్లో బాగున్నట్టు కనపడేవాడు ఒక్కడే. బస్సు తప్పిపోయిందని వజ్రపుకొత్తూరులో చెయ్యెత్తి ఎక్కిన కొత్త మనిషి. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో కేరేజీ.

“నువ్వు దిగాల బాబూ. ఇంజను మరిగిపోతంది,” అన్నాడు జాకబ్.

అతను కంగారుపడ్డాడు.

“నేనూ డయాలసిస్‌కేనండి.”

ఆ జీపులో ఆ మాటకి ఒకటే అర్థం. అందరూ అతని వైపు తిరిగారు.

పక్కన కూర్చున్న వరహాలమ్మ అనే పెద్దామె ముందుకు వంగింది. ఆమె ఎడమ చేతి మీద, సూదులు గుచ్చే చోట నరం తాడులా ఉబ్బి ఉంది. ఆ సీట్లలో ఉన్న వాళ్లందరి చేతులూ అలాంటివే.

“ఏదీ, సెయ్యి సూపించు.”

“అది కాదమ్మా, నేను...” అంటుండగానే ఆమె అతని చొక్కా చేతులు పైకి లాగింది. రెండు చేతులూ నున్నగా ఉన్నాయి.

వరహాలమ్మకి కోపం కన్నా ఏడుపే ఎక్కువొచ్చింది.

“సీటు కోసం ఈ జబ్బుందని సెప్పుకుంటావేటి నాయినా? ఇది మా పిల్లలకి రాకూడదని రోజూ పార్థన సేసుకుంటన్నాం.”

అతని మొహం కందిపోయింది. మళ్లీ ఏదో చెప్పబోయాడు. అంతలో రెబెక్కా దగ్గింది, పెదవుల మీద నురగ వచ్చింది. అతను ఆమెనే చూస్తూ మాట మింగేసి దిగిపోయాడు. ఆవిణ్ణి పడుకోబెట్టొద్దని, అలా కూర్చోబెట్టే త్వరగా తీసుకెళ్లమని చెప్పి, వెనక నుంచి జీపుని తోశాడు కూడా.

మెరక దాటాక ఆగి ఎక్కించుకుంటానని జాకబ్ మాటిచ్చాడు.

దాటాక ఆపలేదు. ఆపితే బండి మళ్లీ కదలదేమోనని భయం. అతను చెయ్యి ఊపుతూ పరుగెత్తి రావడం అద్దంలో కనపడుతూనే ఉంది. పెళ్లాం ప్రాణం ముందు ఎవరి నడక ఎంతలే అనుకున్నాడు జాకబ్. తప్పుపట్టడం తేలికే, ఆ స్టీరింగు ముందు కూర్చున్నవాడికి తెలుస్తుంది ఆ కష్టం.

అయినా బండి వేడెక్కింది. జీడితోటల మధ్య ఒకసారి, కాశీబుగ్గ మొదట్లో ఇంకోసారి ఆగి, చివరికి ఎలాగో ఆసుపత్రి గుమ్మం చేరింది.

లోపల మిషన్లు ఇంకా మొదలుపెట్టలేదు. నడిపే మనిషి మారాడని, బదులు అతను ఇవాళే చేరాలని, ఇంకా రాలేదని, తనకి ఆ పని రాదని నర్సు ప్రసూన చెప్పింది. రెబెక్కాని బెంచీ మీద కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లడానికి అంబులెన్సుకి ఫోన్ చేసింది. అది టెక్కలి నుంచి రావాలట.

అంబులెన్సు రాకపోతే తన జీపులోనైనా తీసుకెళ్దామని జాకబ్ ఎదురు షెడ్డులో మెకానిక్‌ని పిలుచుకొచ్చాడు. మెకానిక్ బానెట్టు ఎత్తి, ఫ్యాను బెల్టు మీద బొటనవేలితో నొక్కాడు. బెల్టు లోపలికి దిగిపోయింది.

“బెల్టు లూజైపోనాది బావా. ఫేను తిరుగుతున్నట్టే అవుపడతాది గానీ గాలి రాదు. లోపల నీల్లూ తిరగవు. బరువుకీ దీనికీ సంబందం నేదు.”

స్పానరు పెట్టి బిగించాడు. అంతే పని.

ఆ మనిషిని ఊరికే దింపేశానని జాకబ్‌కి అప్పుడు తెలిసింది. వెనక్కి వెళ్లి ఎక్కించుకొద్దామా అని కూడా అనిపించింది. రెబెక్కాని వదిలి వెళ్లడానికి మనసొప్పక లోపలికి నడిచాడు.

రెబెక్కా గోడకి ఆనుకుని ఉంది. నర్సు ఆమె ముక్కు దగ్గరి గొట్టం తీసేస్తోంది. వరహాలమ్మ ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. జాకబ్ నేల మీద కూలబడ్డాడు. అతనికి ఏడుపు కూడా రాలేదు.

కాసేపటికి గుమ్మంలో ఎవరో వగరుస్తున్న చప్పుడైంది.

ఆ కొత్త మనిషే. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది, కాళ్ల నిండా దుమ్ము. నిలదీయడానికే వచ్చాడనుకుని జాకబ్ తల దించుకున్నాడు. ఎన్ని తిట్లయినా పడటానికి సిద్ధపడ్డాడు.

అతను బెంచీ వైపు చూడకుండానే గాజు తలుపు తోసుకుని గబగబా లోపలికి వెళ్లి, చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని, మిషను స్విచ్చి వేసి, “జీపులో వచ్చిన ఆ ఊపిరాడని ఆవిణ్ణి తీసుకురండి సిస్టర్, ముందు ఆవిడకే పెడతాను,” అన్నాడు.