ఇంజన్లో మసి ఎవరి పుణ్యం?

“నీ స్పీడుకి ఇంజను నాశనమైంది. తాళాలు ఇటివ్వు!” మెకానిక్ షెడ్డులోనే భర్త చెయ్యి చాపాడు.

“మీ నత్తనడకకే పాడైందేమో!” భార్య తాళాలను గుప్పిట్లో బిగించింది.

మాటకు పొగరున్నా, తాళాలు పోతాయేమోనని ఆమె భయం. ఆఫీసు నుంచి వచ్చాక ఆమె ఊరి చివరి టెన్నిస్ కోర్టుకు వెళ్లేది ఆ కారులోనే. రోజు మొత్తంలో ఆమెకంటూ ఉన్నది ఆ గంట ఒక్కటే. ఆయనగారు మాత్రం ఆదివారాలు కూరగాయల బజారుకు ముప్పై స్పీడులో, అరవైసార్లు హారన్ కొడుతూ నడుపుతాడు.

“ఎవరి తప్పని తేలితే వాళ్లు ఇక స్టీరింగు ముట్టకూడదు. సరేనా?” అన్నాడు భర్త.

“సరే. అత్తయ్యగారే సాక్షి.”

తీర్పు చెప్పడానికని వెంటబెట్టుకొచ్చిన అత్తగారు స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. “తొందరపడి ఎవర్నీ అనకండర్రా,” అంది.

మెకానిక్ సన్నటి కెమెరా గొట్టాన్ని ఇంజన్లోకి దించి, ఫోన్లో చూపించాడు. లోపలంతా మాడిన పాలగిన్నె అడుగులా నల్లగా ఉంది.

“కార్బన్ పేరుకుపోయింది. అందుకే బండి వణుకుతోంది, పికప్ లేదు, పెట్రోలు తెగ తాగుతోంది.”

“స్పీడు వల్లేగా?” భర్త ఆశగా అడిగాడు.

“భలేవారే సార్! స్పీడుగా వెళ్తే ఇంజను బాగా వేడెక్కి మసి పట్టకుండా ఉంటుంది. మేడమ్ నడపబట్టే ఈపాటైనా ఉంది.”

భార్య మొహం వెలిగిపోయింది. భర్త మొహం లోపలున్న మసితో పోటీ పడింది.

“అయితే నా నెమ్మదితనం వల్లా?”

“మీ ఆదివారం షికారుకు ఇంత మసి రాదు సార్. ఎవరో రోజూ బండి కదపకుండా, ఇంజను ఆన్ చేసి గంటలకొద్దీ ఉంచుతున్నారు.”

భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. పగలంతా బండి ఇంటి దగ్గరే ఉంటుంది, ఇద్దరూ ఆఫీసుల్లోనే ఉంటారు మరి.

“శుభ్రం చేసిస్తాను,” అన్నాడు మెకానిక్. “కానీ ఇకమీదట వారానికి మూడుసార్లయినా హైవే మీద ఎనభైలో ఓ అరగంట పరిగెత్తించాలి. పగటిపూటైతే రోడ్డు ఖాళీగా ఉంటుంది.”

“పగలు మాకెక్కడ కుదురుతుందయ్యా? ఎవరు నడుపుతారు?” భర్త తల పట్టుకున్నాడు.

అత్తగారు స్టూలు దిగి వచ్చి, కోడలి గుప్పిట్లోంచి తాళాలు మెల్లగా లాక్కుంది.

“నిలబెట్టిన బండిలో గేర్లన్నీ వచ్చేశాయిరా నాకు, ఇక రోడ్డెక్కడమే!”