పీరు మొక్కు

నర్సింహమ్మ వేడి జొన్నరొట్టెను పళ్లెంలో తుంచి, వేళ్లతో నలుపుతోంది. నలిగినకొద్దీ బెల్లం తురుము చల్లుతోంది. పీరుకు పెట్టే మలీద కాబట్టి పొద్దుటి నుంచి ఒక్కపొద్దు ఉంది.

తలుపు దగ్గర గుంజకు ఆనుకుని ఆమె భర్త సోమయ్య చేపల వల బాగు చేస్తున్నాడు. వేసిన ముడినే విప్పి మళ్లీ వేస్తున్నాడు.

"వద్దన్న గద," అన్నాడు తలెత్తకుండా.

"నువ్వు వద్దంటె మొక్కు పోతదా? మిలిట్రీ వచ్చినకాడి సంది ఇదే మాట. ఈ ఇంట్ల పీరు పేరెత్తొద్దంటవు. నీకు గూడ ఆ మల్లేశయ్య గాలి సోకింది."

సోమయ్య వేసిన ముడి మళ్లీ విప్పాడు. ఈ మధ్య అతను దేనికీ జవాబు చెప్పడం లేదు.

నిజాం సర్కారు పడిపోయాక ఇబ్రహీంపట్నంలో వచ్చిన మొదటి పీర్ల పండుగ అది. పీర్లను చూసుకునే ముజావరు కుటుంబంతో సహా ఊరు వదిలిపోయాడు. పీర్ల కొట్టానికి తాళం పడింది. దాని ముందు నిప్పుల గుండం ఈసారి ఎవరూ తవ్వలేదు. డప్పు మోగలేదు.

అయినా నర్సింహమ్మకు మలీద చేయక తప్పదు. కొడుకు కిష్టా పట్నంలో నూనె మిల్లుకు కూలికి పోయాడు. మిలిట్రీ వచ్చిన నాటి నుంచి అతని కబురు లేదు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు, పీరుకు తాకించిన రాగి తాయెత్తును ఆకుపచ్చ దారంతో తనే వాడి జబ్బకు కట్టింది. వాడు క్షేమంగా ఇల్లు చేరాలని, ఏ ఏడూ పీరుకు ముద్ద తప్పించనని మొక్కింది.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. మల్లేశయ్య వచ్చాడు. ఊళ్లో కొత్తగా ఏర్పడ్డ కమిటీకి ఇప్పుడు అతనే పెద్ద.

"ఏంది నర్సింహమ్మా, బెల్లం వాసన మా వాకిట్లకొచ్చింది. మమ్ముల పిలువకనే పండుగనా?"

"కూసో పటేలా, ముద్ద తిని పో. ఏటా తినేటోనివే గద. పోయినేడు పీరు ముందట నీ అంత ఎగిరినోడు లేడు."

మల్లేశయ్య ముఖం మాడ్చుకున్నాడు.

"పోయినేడు వాళ్ల సర్కారు, ఎగిరినం. ఇప్పుడు మన సర్కారు. ఇగ ఊర్ల పీర్లు లెవ్వు. ఆ కొట్టంల భజన పెడుతున్నం. చాటింపు ఇనలేదా?"

"సర్కారు మారితె పీరు మారుతడా? మా అత్త మొక్కింది, ఆమె అత్త మొక్కింది."

"రజాకార్లు మీ ఇల్లు కాలవెట్టిననాడు ఏడవోయిండు నీ పీరు?"

పోయిన ఎండాకాలం కాలిన దూలం ఇంకా కప్పు కింద నల్లగానే ఉంది. నర్సింహమ్మ అటువైపు చూడలేదు.

"కాలవెట్టినోల్లను తిట్టు పటేలా. పీరు నిన్నేమన్నడు?"

మల్లేశయ్య ఆమెను వదిలి సోమయ్య వైపు తిరిగాడు.

"నీ ఆడామెకు జర చెప్పు సోమయ్యా. మిలిట్రీ వచ్చిన్నాడు మన్నెగూడ తొవ్వల మాతోని కట్టె పట్టుకొని నిలవడ్డోనివి. 'మొగులు కమ్మింది, మొఖాలు కానొస్తలెవ్వు, పేరడుగుండ్రి సాలు' అన్నది నువ్వే గద. మనమిద్దరం మలుపుకాడ ఉంటిమి గని, కందుకూరు దిక్కెల్లి వచ్చిన పోరగాండ్లు గట్లనే అడిగిండ్రు. గొంగడి కప్పుకొని వస్తున్నోడు సాయెబు పేరు చెప్పనే చెప్పిండు. కొట్టి పక్క బాయిల పడేసిండ్రు."

సోమయ్య చేయి వల మీద ఆగింది.

"తెల్లారి బాయిల మునిగి శవాన్ని తీసింది గూడ నీ మొగడే నర్సింహమ్మా. చేపలు పట్టే మీరు తప్ప బాయిల ఎవలు మునుగుతరు? మమ్ముల దగ్గరికి రానియ్యలే. ఒక్కడే తీసిండు, ఒక్కడే పాతిండు. అసొంటోని ఇంట్ల మలీదనా? నలుగురు నవ్వుతరు."

పోతూ పోతూ గడప దగ్గర ఆగాడు. "ముద్దలు ఊర్ల పంచకు. మంచిగుండదు."

అతను వెళ్లాక నర్సింహమ్మ పళ్లెం వదిలి సోమయ్య వైపు తిరిగింది.

"తొవ్వల పోయే మనిషిని పేరడిగి సంపిండ్రా?" అంది నర్సింహమ్మ. "నువ్వు గూడ ఉన్నవా అండ్ల?"

సోమయ్య వల కొసను వేలికి చుట్టుకున్నాడు.

"ఏ తల్లి కొడుకో. ఆమె గూడ ఏడనో ఇట్లనే రొట్టె నలుపుకుంట కూసోని ఉంటది."

కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ పళ్లెం దగ్గరికి జరిగింది.

"నువ్వు ఎవలతోనన్న తిరుగు. నేను మాత్రం పీరును ఇడువ. ఇద్దరు పిల్లలు మన్నుల కలిసినంక పీరు ఇచ్చిన కొడుకు వాడు. ఊరంత కిష్టా అన్నా, కొట్టంల పెట్టిన పేరు ఉసేను. కట్టెలు పట్టుకొని ఎవలన్న తొవ్వల ఆపితె, రజాకార్లే అనుకొని గా పేరు జెప్పు బిడ్డా అని నేర్పి తోలిన. పట్నంల రెండుమాట్ల గా పేరే వాని పాణం కాపాడిందట. వాడే జెప్పె."

ఆఖరి ముద్దను రెండు చేతులతో గుండ్రంగా ఒత్తి పళ్లెంలో పెట్టింది.

"జబ్బకు తాయెత్తున్నది. వాడు వస్తడు."

సోమయ్య వల పక్కకు నెట్టి లేచి, మొలతాడుకు కట్టుకున్న గుడ్డ మూట విప్పి, బావినీళ్లకు నాని రంగు వెలిసిన ఆకుపచ్చ దారంతో ఉన్న రాగి తాయెత్తును మలీద ముద్దల పక్కన పెట్టి, గడప దాటి వెళ్లిపోయాడు.