చెప్పండి, స్టెల్లా గారూ

కంప్యూటరు అంచున తెల్లని ప్లాస్టరు ముక్క. గాయాలకు అంటించేదే.

దాని మీద నీలం ఇంకుతో స్టెల్లా పేరు. కింద పాస్‌వర్డు: ఆమె కూతురు పింకీ పేరు, పుట్టిన సంవత్సరం.

తెనాలిలో ఒకటి. బాపట్లలో ఒకటి. రేపల్లెలో ఒకటి.

ఒకే ఆసుపత్రి, మూడు ఊళ్ళు, ముప్పై మంది నర్సులు, ఒక్క పేరు.

మందుల వివరాలుండే సర్వరుకు ఫోనులోని ఏఐ అసిస్టెంటును కలిపిన రోజున, దాన్ని వాడడం అందరికంటే ముందు నేర్చుకున్నది స్టెల్లా. ఆమె పేరుతో తలుపు తెరుచుకుంది. మిగిలినవారంతా ఆ తలుపులోంచే నడిచారు.

ఎవరు పలకరించినా అసిస్టెంటు ఒకే మాట అనేది.

"చెప్పండి, స్టెల్లా గారూ."

మీసాల కాంపౌండరుతోనూ అదే మాట. "ఏంటి స్టెల్లా గారూ, ఇవాళ గడ్డం గీసుకోలేదా?" అని నర్సులు ఆయన్ని ఏడిపించేవారు.

పోయిన నెల రేపల్లెలో, మూడో బెడ్డు మీది పిల్లవాడికి ఒక నర్సు ఇంజెక్షను వేసింది. అసిస్టెంటుకు మాత్రం ఐదో బెడ్డు అని చెప్పింది.

తరువాతి డ్యూటీ నర్సు అడిగినప్పుడు, మూడో బెడ్డుకు ఇంకా పడలేదని అది బదులిచ్చింది.

ఇంజెక్షను రెండోసారి పడింది.

పిల్లవాడు తెల్లవారేదాకా ఉండలేదు.

ఐదో బెడ్డు అన్న ఆ మాట పక్కన సర్వరులో స్టెల్లా పేరుంది. ఆ రోజు ఆమెను రేపల్లెకే డ్యూటీకి పంపారు. ఆ వేళకు తాను కింద స్కానింగు గదిలో మరో పేషెంటు పక్కన ఉన్నానని ఆమె చెప్పింది.

ఎవరూ వినలేదు. సస్పెండు చేశారు.

తెనాలిలో ఆసుపత్రి యజమాని పాండురంగారావు గారు ఇంజనీరు జయకృష్ణను పిలిపించారు.

"సింగిల్ సైన్-ఆన్ పెట్టెయ్ బాబూ. ఎవరి పేరుతో వాళ్ళు లోపలికి రావాలి. అసిస్టెంటు కూడా వాళ్ళ పేరుతోనే సర్వరును అడగాలి. ఇంకోసారి తప్పు జరిగితే, ఎవరిదో తెలిసిపోవాలి."

"మంచిదేనండి. ఎప్పుడో పెట్టాల్సింది."

"ఆ ప్లాస్టర్లు కూడా పీకెయ్. సోమవారం ఆరోగ్యశాఖ వాళ్ళు ఎంక్వైరీకి వస్తున్నారు. వాళ్ళు చూస్తే ఏం బాగుంటుంది?"

జయకృష్ణ తెనాలిలో పీకాడు. రైలెక్కి బాపట్ల వెళ్ళి, అక్కడా పీకాడు.

బాపట్ల ఆసుపత్రి గేటు బయట స్టెల్లా నిలబడి ఉంది.

"తీసేశారా సార్?"

"తీసేశానండి."

"అందరూ నా పేరే వాడారండి. ఇప్పుడు అడిగితే ఒక్కరూ నోరు విప్పట్లేదు. పింకీ ఏ ఏడాది పుట్టిందో మా ఆయనకన్నా వాళ్ళకే బాగా గుర్తు."

నవ్వబోయి ఆగింది.

"సస్పెండన్న రోజునే బయటికి పంపేశారు సార్. ఆ ప్లాస్టర్ల ఫోటో అయినా తీసుకోలేకపోయాను. రేపల్లెదొక్కటి ఉంచండి. సోమవారం దాకా చాలు. నా పక్కన మాట్లాడేది ఇక అదొక్కటే."

"చూస్తానండి," అన్నాడు జయకృష్ణ.

బస్సు చెరుకుపల్లి దాటేసరికి, రేపల్లె ప్లాస్టరు జోలికి పోకూడదని నిశ్చయించుకున్నాడు.

రేపల్లెలో సీనియరు నర్సు హైమావతి కుర్చీ చూపింది. పాత పేరును మూసి, కొత్తగా ఆమె పేరును చేర్చి, పాస్‌వర్డు పెట్టుకోమన్నాడు.

ఆమె వేళ్ళు అలవాటుగా పింకీ పేరు కొట్టాయి. తెర ఒప్పుకోలేదు.

"అది ఇక కుదరదు సిస్టర్. మీ సొంతది పెట్టుకోండి."

ఒక్కొక్క అక్షరమే చెరిపి, వేరొకటి పెట్టుకుంది.

"బాబూ, ఎవరు ఏం చెప్పారో ఇందులో తెలుస్తుందా?"

"ఇక ముందు చెప్పేవి తెలుస్తాయండి."

"వెనకటివి?"

"అవి స్టెల్లా గారి పేరు మీదే ఉండిపోతాయండి."

హైమావతి తలూపింది. ఊపుతూనే ఉంది.

తరువాత లేచి, దూదిని స్పిరిట్‌లో ముంచి, ప్లాస్టరు అంచున అద్దింది.

"సిస్టర్, అది..."

"తియ్యమనే కదా బాబూ, పెద్దాయన చెప్పింది?"

జయకృష్ణ ఆమె ముఖం చూశాడు. బాపట్ల గేటు గుర్తొచ్చింది. నెలాఖరు జీతం, తెనాలిలో తన ఉద్యోగం గుర్తొచ్చాయి.

"అవునండి," అన్నాడు.

ఏళ్ళ తరబడి గాయాల మీది ప్లాస్టర్లు తీసిన చెయ్యి అది. పసిపిల్లలకు నొప్పి తెలియకుండా ఎలా తీస్తుందో అలాగే, తడిపి, ఆగి, మెల్లగా లాగింది.

జిగురు మరక కూడా మిగలలేదు.

ముక్కను వ్యర్థాల బుట్టలో వేసి, చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది.

"ఒకసారి పలకరించి చూడండి సిస్టర్. మీ పేరు పడిందో లేదో."

ఆమె ఫోనును నోటి దగ్గరికి తెచ్చుకుని హలో అంది.

"చెప్పండి, హైమావతి గారూ."

వార్డులో ఎవరో మూడో బెడ్డు మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు. హైమావతి అటు చూడలేదు.

ఫోను ఆమె ప్రశ్న కోసం కాసేపు ఆగింది. తరువాత, అంతే మర్యాదగా, ఆమెను మళ్ళీ పేరుపెట్టి పిలిచింది.