గాడిద సువార్త

తనిఖీకి వచ్చిన అయ్యవారు గదంతా చూసేసి గుమ్మం దాకా వెళ్లేసరికి పిజిమికి దగ్గు ముంచుకొచ్చింది.

ఒకటి కాదు, వరసగా ఐదారు. అయ్యవారు ఆగి వెనక్కి తిరిగారు.

“ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉందండీ. ఆ మూల బుట్టల దగ్గర కాస్త దుమ్ము. మీరు అటు వెళ్లకండి. అక్కడేమీ లేదు.”

అనేసి పిజిమి నాలుక కరుచుకున్నాడు.

పిజిమి ఆ మఠంలో పుస్తకాలు చూసుకునే సన్యాసి. నైలు ఒడ్డున అరవై మంది ఉండే మఠం అది. పగలంతా ఖర్జూరపాకులతో చాపలు, బుట్టలు అల్లుతారు. నానబెట్టిన ఎండు రొట్టె, పప్పు తింటారు. పుస్తకాల గదికి ఏడాదికి ఇద్దరొస్తే గొప్ప. ఆ ఇద్దరూ ఎండ పడలేక వచ్చేవాళ్లే.

ఈ ఏడు ఈస్టరు ఉత్తరంతో వచ్చింది గొడవంతా. పండగ ఏ రోజో చెబుతూ అలెగ్జాండ్రియా నుంచి పెద్ద బిషప్పుగారు ఏటా ఉత్తరం రాస్తారు. ఈసారి తేదీ కింద ఓ జాబితా కూడా ఉంది. బైబిల్లో చేరే పుస్తకాలు ఇవి, చేరనివి ఇవి. చేరనివాటిని చదవకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. ఇక చూడాలి! అంతవరకు వాటి పేర్లే ఎరగని సన్యాసులు “ఏముందట అందులో?” అని చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు తనిఖీవాళ్లు మఠం మఠం తిరుగుతున్నారు. కొత్తగా ఏది పట్టుబడినా దాని పేరు జాబితాకెక్కుతుంది. వచ్చే ఈస్టరుకి ఐగుప్తులో ప్రతి చర్చిలోనూ ఆ పేరు చదివి వినిపిస్తారు.

పిజిమి దగ్గర అలాంటిది ఒకటుంది. గాడిద సువార్త. మరియమ్మనీ పసివాణ్ణీ వీపున మోసుకుని ఐగుప్తుకొచ్చిన గాడిద, ఆ ప్రయాణమంతా తన నోటితో చెప్పుకున్న కథ. ఏసు శిష్యుల్లో ఎవరో అపొస్తలుడి మేనల్లుడు రాశాడని పిజిమి చెప్పగా విన్నవాళ్లే గానీ చదివినవాళ్లు లేరు. తనిఖీ మాట పుట్టాక మాత్రం రొట్టెలు కాల్చే కొల్లూతు మూడు రోజులుగా వెంటపడుతున్నాడు.

“ఒక్క పూటకి ఇయ్యన్నా! పిండి తొట్టిలో దాచుకుని చదివి ఇచ్చేస్తాను.”

“పట్టుబడితే?”

“పట్టుబడితే పడతాను. ఇయ్యి!”

పిజిమి ఇవ్వలేదు. ఆ పుస్తకం మీదే పంచప్రాణాలూ పెట్టుకుని ఉన్నాడు మరి. దాని గతి ఏమిటో ఇవాళ తేలిపోతుంది.

అయ్యవారు మూలకి నడిచారు. బుట్టల దొంతరలో మూడో బుట్ట నుంచి పుస్తకం కట్టిన తోలు తాడు జానెడు బయటికి వేలాడుతోంది.

“అన్నా, తాడు! లోపలికి తొయ్యి!” గుమ్మం అవతల నుంచి కొల్లూతు గుసగుసలాడాడు.

పిజిమి కదల్లేదు. చెమట పట్టిన చేతుల్ని అంగీకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. అయ్యవారు తాడు పట్టుకుని లాగారు. పుస్తకం ఊడిపడింది.

“గాడిద సువార్తా?” అయ్యవారి కనుబొమలు నుదుటి మీదికి ఎక్కాయి.

“ఏదో పాతదండీ. చూడాల్సిందేమీ లేదు. ముఖ్యంగా ఏడో ఆకు చూడకండి.”

అయ్యవారు తిన్నగా ఏడో ఆకే తిప్పారు. పైకే చదివారు. అందులో దేవదూత ఎడారిలో దారి తప్పుతాడు. గాడిద వాణ్ణి చీవాట్లు పెట్టి, క్షమాపణ చెప్పించుకుని, తనే దారి చూపిస్తుంది.

బయట పోగైన సన్యాసులు లెంపలేసుకున్నారు. మఠం పెద్ద గోడకి చేరగిలబడ్డాడు.

“చూపించనీ,” అన్నారు అయ్యవారు. “దారి గాడిదకే తెలుస్తుంది. మా ఇంట్లోనూ ఉంది ఒకటి.”

“పధ్నాలుగో ఆకు ఇంకా ఘోరమండీ,” అన్నాడు పిజిమి. “బిషప్పుల్ని కూడా వదల్లేదు.”

అయ్యవారు పధ్నాలుగో ఆకు తిప్పారు. “‘బిషప్పులు మాకన్నా మొండివాళ్లు.’ అవును, నిజమే కదా!”

ఆ తర్వాత కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. మధ్యలో రెండుసార్లు ఆవలించారు. చివరి ఆకు మూసి పుస్తకం పిజిమి చేతిలో పెట్టారు.

“భయపడకయ్యా. పిల్లలకి చెప్పుకునే కథ ఇది. జాబితాకెక్కేంత సరుకు లేదు ఇందులో. రోజూ భోజనాల దగ్గర చదివించుకోండి, పప్పు బాగా అరుగుతుంది.”

ఆయన గాడిదెక్కి వెళ్లిపోయారు. మఠమంతా స్తోత్రాలు పాడింది. మఠం పెద్ద ఆ పూట పప్పులో నూనె రెండింతలు పోయమన్నాడు. పిజిమి మాత్రం బుట్టల మధ్య కూలబడి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

“ఊరుకో అన్నా, గండం గడిచింది కదా!” అని కొల్లూతు వీపు నిమిరాడు.

“ఇదిగో, తీసుకో. మూడు రోజుల నుంచి అడుగుతున్నావుగా,” అని పిజిమి పుస్తకం అందించబోయాడు.

“ఇప్పుడెందుకులే, భోజనాల దగ్గర ఎలాగూ చదువుతారుగా,” అన్నాడు కొల్లూతు, పుస్తకం వంక చూడనైనా చూడకుండా.

పిజిమి ఏడుపు రెట్టింపయింది.

“ఆరేళ్లు నడుం విరిగేలా కూర్చుని నేనే రాశానురా కొల్లూతూ, ఒక్క నిషేధానికైనా నోచుకోలేదు!”