నూనె మట్టం

“నేల చదునుగా లేకపోతే నూనె మట్టం తప్పు చూపిస్తుందండీ,” అన్నాడు విశ్వాసం, కారులో ముందు సీటు దగ్గర అడుగుచెక్క పైకి తీస్తూ.

“అయితే ఏలూరు మొత్తానికి మా ఆసుపత్రి వాకిలే దొరికిందా మీకు?” మందుల గది కిటికీలోంచి అడిగింది కృపమ్మ.

“మీది సిమెంటు చప్టా కదండీ. కోర్టు దగ్గరంతా గోతులు. కాలవగట్టు మీద పెడితే బండి ఓ పక్కకి ఒరిగిపోద్ది.”

కృపమ్మ ఆ మిషను ఆసుపత్రిలో పెద్ద నర్సు. పెళ్ళయిన కొత్తలోనే భర్త చలిజ్వరంతో పోయాడు. అప్పటినుంచీ తెల్లచీర, మందుల గది, ఆదివారం ఆరాధన, అంతే ఆమె లోకం. నలభై ఏళ్ళు వచ్చాయన్న సంగతి కూడా ఎవరైనా అడిగితేనే గుర్తొచ్చేది.

విశ్వాసం తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు ఉన్న శేషగిరిరావుగారి డ్రైవరు. వయసు కృపమ్మ కంటే రెండు మూడేళ్ళు ఎక్కువే ఉంటుంది. ప్రతి మంగళవారం యజమానిని ఏలూరు కోర్టు దగ్గర దింపి, కారు తిన్నగా ఇక్కడికి తోలుకొస్తాడు. అది సీమనుంచి ఓడలో దిగిన కొత్తరకం కారు. చిన్న మీట ముందే జరిపి పెట్టుకుని, కావలసినప్పుడు కాలితో పెడలు నొక్కితే చాలు, గేరు దానంతటదే పడుతుంది. ఆ సుఖమంతా గేరుపెట్టెలో ఉన్న నూనె చలవే అంటాడు విశ్వాసం.

“వేడి మీదే చూడాలండీ. గూడెం నుంచి వచ్చేసరికి నూనె సరిగ్గా కాగి ఉంటది. ఇంజను ఆపి కాసేపు ఆగితే, పైకి ఎగజిమ్మిందంతా కిందికి దిగుద్ది. అప్పుడు నూనె కొలిచే కడ్డీ తీసి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ ముంచి చూడాలి. మొదటిసారి చూసింది నమ్మకూడదండీ.”

“తక్కువైతే ఏమవుద్ది?”

“లోపల పట్టు జారిపోద్దండీ. ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు.”

“ఎక్కువ పోస్తే?”

“నురగ కడుతుందండీ. అదీ చేటే.”

కృపమ్మ అడిగింది నూనె సంగతి తెలుసుకోవాలని కాదు. మాట్లాడుతున్నంతసేపూ అతని చూపు ఎటు పోతోందో కనిపెడదామని. అది మాటిమాటికీ కిటికీ వైపే వస్తోంది. కిటికీలో ఆమె వెనకాల, బల్ల దగ్గర కూర్చుని రాజకుమారి కట్టుగుడ్డలు చుడుతోంది.

రాజకుమారి చిన్న నర్సు. ఇరవయ్యేళ్ళ పిల్ల. కొల్లేటి పక్క ఊళ్ళో చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి దేవదానం కూతురు. ఆయన పిల్లని తీసుకొచ్చి, “మీ చేతుల్లో పెట్టి వెళుతున్నానమ్మా,” అని కళ్ళు తుడుచుకోవడం కృపమ్మ మరిచిపోలేదు.

మరుసటి మంగళవారం వాన పడుతున్నా కారొచ్చింది. వాన వెలిసేదాకా విశ్వాసం చూరు కింద నిలబడ్డాడు. మంచినీళ్ళు అడిగితే, రాజకుమారి లేవబోయింది. కృపమ్మ ఆమెను కూర్చోబెట్టి తనే తీసుకెళ్ళి ఇచ్చింది. అతను గ్లాసు రెండు చేతులా అందుకున్నాడు. ఆ పై వారం సంచీ నిండా దబ్బకాయలు తెచ్చి, “మా పెరట్లో కాశాయండీ,” అంటూ అరుగు మీద పెట్టాడు.

కృపమ్మ ఇక ఊరుకోలేక విశ్వాసం గురించి ఆయా వరమ్మని అడిగింది. వరమ్మ పుట్టిల్లు తాడేపల్లిగూడెమే.

“మంచోడేనండీ. పెళ్ళాం పోయి చానా ఏళ్ళయింది. పిల్లల్లేరు. చుట్ట కూడా ముట్టడు.”

“మంచోడైతే మాత్రం? ఆయన వయసేంటి, ఆ పిల్ల వయసేంటి?”

వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ వారంలోనే కృపమ్మ డాక్టరమ్మగారితో మాట్లాడి, రాజకుమారిని పెదవేగి డిస్పెన్సరీకి వేయించింది.

“నేనేం తప్పు చేశానండీ?” ఒంటెద్దు బండి ఎక్కుతూ అడిగింది రాజకుమారి.

“ఏమీ చెయ్యలేదమ్మా. చెయ్యకముందే పంపిస్తున్నాను.”

బండి మలుపు తిరిగేదాకా కృపమ్మ వాకిట్లోనే నిలబడింది. ఇక ఆ కారు రాదు. మనసు తేలికపడాల్సింది. ఎందుకో పడలేదు.

మంగళవారం కారొచ్చింది. ఇంకా తెలిసి ఉండదులే అనుకుంది కృపమ్మ. ఆ పై మంగళవారమూ వచ్చింది. ఆ తరవాత ప్రతి వారమూ వచ్చింది. విశ్వాసం అదే చోట కారు ఆపి, అలాగే కాసేపు ఆగి, కడ్డీ తుడిచి, ముంచి చూస్తున్నాడు. కారు హారను వినిపించేసరికి తను చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి వస్తున్నానని గమనించి, కృపమ్మకి తన మీదే కోపం వచ్చింది. ఆ రోజు మొదటిసారిగా మెట్లు దిగి చప్టా మీదికి వెళ్ళింది.

“నూనె సరిపోయిందా అండీ?”

“సరిగ్గా గీత దగ్గరే ఉందండీ.”

“ఎప్పుడూ అక్కడే ఉంటుందిగా! మరి ఇన్నిసార్లు చూడటం దేనికి?”

విశ్వాసం గుడ్డ తీసుకుని, తుడిచిన కడ్డీనే మళ్ళీ తుడిచాడు.

“చూడండి, నాకు దాపరికం చేతకాదు. మీరు ఎందుకొస్తున్నారో నాకు మొదట్నించీ తెలుసు. రాజకుమారిని పెదవేగి పంపించింది నేనే. నెల దాటింది. మీరంటే కోపమేం లేదు, ఆ పిల్ల తండ్రికి నేను జవాబు చెప్పుకోవాలి. పిల్ల వెళ్ళిపోయాక కూడా ఇంకా ఎందుకొస్తున్నారండీ?”

విశ్వాసం చెయ్యి ఆగిపోయింది. ఆమెను దాటి కిటికీ లోపలికి, ఖాళీగా ఉన్న బల్ల వైపు అయోమయంగా చూశాడు. తరవాత ఆమె ముఖంలోకి చూసి, తల దించుకున్నాడు.

“ఆ అమ్మాయి లేదన్న సంగతే నేను గమనించలేదండీ.”