మెర్ల్ గారి పోకర్ పాఠాలు

"ఆ రాణుల్ని ఎందుకు పడేయలేదు తల్లీ?"

అడిగింది ఓలీటా. ఆవిడ చేతిలో ఐస్ టీ జగ్గు ఉంది.

రోండా పేకముక్కలు బల్ల మీద పెట్టేసింది. పాఠం మధ్యలో ఈ పెద్దావిడ అడ్డం రావడం పొద్దుట్నుంచి ఇది మూడోసారి.

"రాణుల జత వస్తే ఎవరైనా పడేస్తారా అండీ?"

"నీ ముక్కలు సరే. ఎదుటివాడు మూడుసార్లు పందెం పెంచాడన్నావు కదా. నీ దగ్గర ఏముందనుకుని పెంచాడు?"

రోండా మెర్ల్ వైపు చూసింది. కోచ్ ఆయన. ఆయనేమో తాపీగా కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

రోండా లాస్ వేగాస్‌లో స్కూలు బస్సు నడుపుతుంది. శనివారాలు కార్డ్ క్లబ్బులో పోకర్ పోటీకి వెళుతుంది. ఏడాదిగా ఒక్కసారి కూడా గంట దాటి నిలవలేదు.

ఆమె లోపలికి అడుగుపెట్టగానే హోరేస్ అనే పాత ఆటగాడు కేకేసేవాడు.

"బస్సు వచ్చిందర్రా. టికెట్ లేకుండా ఎక్కొచ్చు."

అందరితో పాటు తనూ నవ్వేది. ఇంటికొచ్చాక మాత్రం భోజనం సయించేది కాదు.

"ఎవరి దగ్గరైనా నేర్చుకో. వేసవి దాకా చూడు. అప్పటికీ ఇంతే అయితే శనివారాలు నాతో చేపలు పట్టడానికి వచ్చెయ్" అన్నాడు భర్త వెర్నన్.

చేపల వాసన రోండాకి పడదు.

ఇంటర్నెట్‌లో కోచ్‌లకు కొదవలేదు. వాళ్ల లెక్కలు ఆమెకు ఎక్కలేదు, వాళ్ల ఫీజులు అందలేదు. చివరికి లాండ్రీ గోడ మీద ఒక చీటీ కనబడింది. 'పోకర్ నేర్పుతాను. ఒక్కొక్కరికి విడిగా. మెర్ల్ టాకెట్.'

హైవే పక్కన చక్రాల మీద నిలిపిన ట్రైలర్ ఇంట్లో మెర్ల్, ఆయన అక్క ఓలీటా ఉంటారు. మంగళవారం ఉదయం పిల్లల్ని బడిలో దింపేసి రోండా అక్కడికి వెళ్లేది. మెర్ల్ ఒక కాగితం దగ్గర పెట్టుకుని పాఠం చెప్పేవాడు. అందులో లేనిది అడిగితే, "ఆలోచించి వచ్చేవారం చెబుతానమ్మా" అనేవాడు.

ఈలోగా ఓలీటా ఏదో వంకతో వచ్చేది.

"ఓడిన వెంటనే అంత పెద్ద పందెం ఎందుకు కాశావు?"

"ఆ హోరేస్ చేతిలో మంచి ముక్కలుంటే వాగుతాడా, నోరు మూసుకుంటాడా?"

ఆవిడ ప్రశ్నలకు రోండా దగ్గర ఎప్పుడూ జవాబు ఉండేది కాదు. అదే ఆమె ఒళ్లు మండించేది.

రాణుల సంగతి అడిగిన ఆ రోజు ఇక ఆగలేకపోయింది.

"మెర్ల్ గారూ, ఏమీ అనుకోకండి. నేను డబ్బిచ్చేది మీ పాఠానికి. మనిద్దరమే కూర్చుంటే బాగుంటుంది."

మెర్ల్ ఏదో అనబోయాడు. ఓలీటా తల అడ్డంగా ఊపింది.

"నిజమేరా. అమ్మాయి చదువు పాడుచేస్తున్నాను" అని జగ్గు బల్ల మీద పెట్టి, కర్ర పట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

తర్వాత మూడు మంగళవారాలూ పాఠం ఏ అడ్డూ లేకుండా సాగింది. రోండా శనివారం ఆట సంగతి చెప్పేది, మెర్ల్ కాగితం చూసి చదివేవాడు, ఆమె రాసుకునేది. ఎంత వద్దనుకున్నా ఆమె చూపు తలుపు వైపు పోయేది.

మూడో వారం శనివారం పోటీలో రోండా చివరి బల్ల దాకా వచ్చింది.

చేతిలో రాజుల జత. ఎదురుగా హోరేస్. పొద్దుట్నుంచీ జోకులేస్తున్న మనిషి ఒక్క మాట లేకుండా తన పందెం బిళ్లలన్నీ ముందుకు తోశాడు.

రోండా తన ముక్కలు మరోసారి చూసుకుంది. గుర్తొచ్చింది మెర్ల్ కాగితాలు కాదు, ఓలీటా అడిగిన మాటలు.

రాజుల్ని అందరికీ కనబడేలా పడేసింది.

హోరేస్ తన ముక్కలు తిప్పి చూపించాడు. రెండూ ఆసులే, రాజుల కన్నా పెద్దవి.

"రాజుల్ని ఎలా పడేశావు తల్లీ?" అన్నాడు, ఆమె ముక్కలు చూసి. తర్వాత పక్కవాళ్లతో, "ఇవాళ బస్సుకి డ్రైవరున్నాడర్రా" అన్నాడు.

రోండా రెండో స్థానంలో నిలిచింది. పెద్ద పోటీలో ఆడే అవకాశం దక్కింది.

మంగళవారం పీచ్ పళ్లతో తీపి వంటకం చేసుకుని వెళ్లింది. ముందు ఓలీటా చేతులు పట్టుకుని క్షమించమని అడగాలనుకుంది.

మెర్ల్ ఒక్కడే తలుపు తీశాడు. గడ్డం మాసి ఉంది.

"అక్క శుక్రవారం పోయింది. కుర్చీలోనే. నిద్రపోతోందనుకున్నాను."

రోండా వంటకం పళ్లెంతో గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత పళ్లెం ఆయన వైపు చాపింది.

"శనివారం రెండో స్థానం వచ్చిందండీ. మీ ఇద్దరికీ చెబుదామని వచ్చాను. మీ పాఠాల వల్లే."

మెర్ల్ పళ్లెం అందుకోలేదు.

"నేను ముప్పై ఏళ్లు సిమెంటు లారీ నడిపానమ్మా. పోకర్ ఒక్క ఆట ఆడి ఎరుగను."

"మరి ఆ చీటీ?"

"ఆట తెలిసింది అక్కకే. మొదట చీటీలో తన పేరే వేశాం. ఆడగొంతు వినగానే ఫోన్ పెట్టేసేవాళ్లు. అందుకని నా పేరు పెట్టమంది."

"ఆవిణ్ణి బయటికి పంపమన్న రోజైనా చెప్పకపోయారా?"

"చెప్పబోతే వద్దంది కదా. 'నీ మీద గురి కుదిరింది పిల్లకి, చెడగొట్టకు' అంది తర్వాత."

మెర్ల్ కళ్లు తుడుచుకుని, కిటికీ అవతలి మెట్లు చూపించాడు.

"ఆ మూడు వారాలూ నీ కోచ్ అక్కడే ఎండలో కూర్చుని, నీ మాటలు వింటూ, నీకు పై వారం పాఠం రాసిందమ్మా."